మూడు స్వరాల బరువు

రాక్ గిటారిస్టుల్లో ఎవరు గొప్ప అన్న వాదం మొదలైతే మాట ఇట్టే వేగం మీదికి పోతుంది. సెకనుకు ఎన్ని స్వరాలు పలికించాడు, సోలో ఎంతసేపు సాగింది, వేళ్లు ఎలా పరుగెత్తాయి అని లెక్కలు కడతారు. రాక్‌ను ప్రాణంగా వినే అభిమాని ఈ లెక్కకు ఒప్పుకోడు. పాట మొదలైన నాలుగు సెకన్లలో మనిషిని కూర్చున్న చోటు నుంచి లేపేది రిఫ్. పాట పొడవునా తిరిగి తిరిగి వచ్చే ఆ చిన్న స్వరాల వరుస మీదే డ్రమ్స్, బేస్, గొంతు అన్నీ నిలబడతాయి. దాన్నే కొలతగా పెట్టుకుంటే మొదటి పీట బర్మింగ్‌హామ్ కార్మికవాడలో పెరిగిన టోనీ అయోమీకి వెయ్యాలి.

అతని కథకు ముందు మోత సంగతి చెప్పుకోవాలి. ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి తోస్తే ధ్వని తరంగాల శిఖరాలు తెగి చదునవుతాయి. అసలు స్వరంలో లేని పై స్వరాంశాలు పుట్టుకొస్తాయి, పలుకు గరుకెక్కుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంజనీర్లు లోపమన్న ఈ డిస్టార్షన్‌ను రాక్ వాళ్లు కోరి తెచ్చుకున్నారు. 1951లో ఐక్ టర్నర్ బృందం ‘రాకెట్ 88’ రికార్డు చేయడానికి మెంఫిస్ వచ్చేసరికి ఆంప్లిఫయర్ దెబ్బతిని ఉంది. నిర్మాత శామ్ ఫిలిప్స్ అందులో కాగితాలు కుక్కి, ఆ జీర పలుకునే రికార్డు చేశాడు. 1958లో లింక్ రే ‘రంబుల్’ కోసం స్పీకర్‌కు పెన్సిల్‌తో చిల్లులు పొడిచాడు. మాటే లేని ఆ వాద్యసంగీతాన్ని అమెరికాలో కొన్ని రేడియో స్టేషన్లు నిషేధించాయి! 1964లో ‘ద కింక్స్’ కుర్రాడు డేవ్ డేవిస్ బ్లేడుతో స్పీకర్ కాగితాన్ని కోశాడు. ‘యూ రియల్లీ గాట్ మీ’ రిఫ్ ఆ కోతలోంచి వచ్చిందే.

ఈ గరుకు పలుకులో షడ్జమం, గాంధారం, పంచమం కలిపి నిండు కార్డ్ వాయిస్తే ముద్దముద్దగా వినిపిస్తుంది. గాంధారం చేరగానే స్వరాలు ఒకదాన్నొకటి తొక్కేస్తాయి. అందుకే రాక్ గిటారిస్టులు గాంధారం వదిలేసి షడ్జమం, పంచమం మాత్రమే మీటుతారు. దాన్నే పవర్ కార్డ్ అంటారు. ఈ రెంటి కంపనాల నిష్పత్తి 2:3. డిస్టార్షన్ ఆ రెంటి తేడాను కూడా ఒక స్వరంగా పలికిస్తుంది. ఆ తేడా సరిగ్గా షడ్జమానికి ఒక స్థాయి కింద పడుతుంది. ఎవరూ మీటని మంద్ర షడ్జమం తనంతట తానే మోగుతుందన్నమాట. తంబురా శ్రుతికి అలవాటైన చెవికి ఈ బలం ఎక్కడిదో వేరే చెప్పనక్కర్లేదు.

1948లో పుట్టిన అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా యంత్రంలో పడి కుడిచేతి నడిమివేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ చేతితోనే. ఇక గిటార్ లేదనుకున్న కుర్రాడికి ఫ్యాక్టరీలో పెద్దాయన ఒక రికార్డు వినిపించాడు. అందులో వాయించింది జాంగో రైన్‌హార్ట్, అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు పట్టుతప్పిన తర్వాత కూడా మహా విద్వాంసుడిగా నిలిచిన జాజ్ గిటారిస్టు. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటి కొసలకు తోలు అంటించాడు. పలచటి తీగలు బిగించాడు. వీణ మీద గమకం కోసం తీగను పక్కకు లాగినట్టే గిటార్ మీదా లాగుతారు. దెబ్బతిన్న వేళ్లకు పలచటి తీగే లొంగుతుంది. 1971లో అతని బృందం ‘బ్లాక్ సబ్బాత్’ తెచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్‌కి వచ్చేసరికి కొన్ని పాటల్లో శ్రుతిని మూడు అర్ధస్వరాలు దించేశాడు. బిగువు తగ్గి వేళ్లకు సుఖమైంది, పలుకు మాత్రం ఇంకా బరువెక్కింది. ఆ తర్వాత ఎన్నో మెటల్ బృందాలు అదే దారిన శ్రుతి దించుకున్నాయి.

అయినా అయోమీ గొప్పతనాన్ని గాయం ఖాతాలో వెయ్యడం అన్యాయం. గాయం పనిముట్లను మార్చింది, ఏ స్వరాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పింది అతని బుర్రే. 1970 ఫిబ్రవరి 13న వచ్చిన ‘బ్లాక్ సబ్బాత్’ తొలి ఆల్బమ్‌లో మొదటి పాట వినండి. కింది షడ్జమం, పై షడ్జమం, ఆ వెంటనే ప్రతిమధ్యమం. అంతే, మూడు స్వరాలు. తేల్చకుండా వేలాడే ఆ ప్రతిమధ్యమాన్ని తొందర లేకుండా వణికిస్తూ నిలబెట్టాడు. అప్పట్లో లెస్టర్ బ్యాంగ్స్ లాంటి పేరున్న విమర్శకుడే ఈ ఆల్బమ్‌ను తీసిపారేశాడు. కాలం ఆయన పక్షాన నిలవలేదు. 2025 జూలై 5న, బృందంలోని నలుగురూ పెరిగిన బర్మింగ్‌హామ్ ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ స్టేడియంలో బ్లాక్ సబ్బాత్ ఆఖరి కచేరీ జరిగితే, మెటాలికా, స్లేయర్, గన్స్ అండ్ రోజెస్ వచ్చి ముందుగా వాయించి వెళ్లాయి.

మెటాలికా గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఈ వారసత్వాన్ని వేగంలోకి తీసుకెళ్లాడు. అతని కుడిచెయ్యి చూడాలి. అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర తీగలకు ఆనించి మోతను నొక్కిపట్టి, పిక్‌ను కిందికి మాత్రమే కొడతాడు. పైకీ కిందికీ కొడితే చేతికి సులువే, కానీ దెబ్బ బరువు సమంగా ఉండదు. 1986 నాటి ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ను ఈ పద్ధతిలో మొదటి నుంచి చివరిదాకా వాయించబోయినవాళ్లకు మణికట్టు ఎంత సలుపుతుందో తెలుసు.

వీళ్లందరి పక్కన నిలబెట్టాల్సిన పేరు ఇంకొకటి ఉంది. తగినంత గౌరవం దక్కనిది. ఏసీ/డీసీ బృందంలో మాల్కమ్ యంగ్. స్కూలు దుస్తుల్లో గెంతే తమ్ముడు అంగస్ మీదే అందరి చూపూ ఉంటే, మాల్కమ్ వెనక ఆంప్లిఫయర్ల దగ్గర నిలబడి, కోరస్ పాడటానికి మైకు దాకా వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లిపోయేవాడు. లావు తీగలు, డిస్టార్షన్ చాలా తక్కువ. 1980 నాటి ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ రిఫ్‌లో కార్డ్‌ల మధ్య వదిలిన ఖాళీ కూడా కార్డ్ అంత గట్టిగా తగులుతుంది. మోత వెనక దాక్కునే వీల్లేని వాద్యం అది, ఒక్క దెబ్బ అటూఇటూ అయితే బయటపడిపోతుంది. అనారోగ్యంతో 2014లో అతను తప్పుకున్నాక ఆ చోటికి అన్న కొడుకు స్టీవీ యంగ్ వచ్చాడు. సోలోలు ఎప్పటిలా అంగస్‌వే. స్టీవీ ఆ రిఫ్‌లను, వాటి మధ్య ఖాళీలను బాబాయి పెట్టిన చోటే పెడుతున్నాడు.