నాచు సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

హైదరాబాదుకు పడమట మణికొండలో నాలుగు వానలు పడగానే బండల నెర్రెలలోను, ప్రహరీగోడల అడుగున పచ్చని మెత్తని పొర కనిపిస్తుంది. దీనిని నాచు అంటారు. చెరువులోని పాచిని కూడా నాచు అనే అంటారు గాని, గోడమీది మొక్క వేరు. ఇది బ్రయోఫైటాలకు చెందిన మాస్. రెంటికీ ఒకే మాట ఉండడం తరగతిలో ఉపాధ్యాయునికి నిత్యమూ చిక్కే.

ఈ మొక్క గాలిలోని సీసం, కాడ్మియం వంటి భార లోహాలను పట్టి ఇస్తుందనీ, కనుక గనుల వద్ద ఖరీదైన యంత్రాలు అక్కరలేదనీ తరచు చెబుతుంటారు. ఇందులో మొదటి మాట నిజం. రెండవది పరీక్షకు నిలవదు.

మాస్‌కు నిజమైన వేళ్లు లేవు. దాని ఆకు చాలావరకు ఒకే కణం మందం. పైన మైనపు పూత లేనట్లే. అందుచేత నీటినీ, లవణాలనూ ముఖ్యంగా వాన నుంచి, గాలిలోని ధూళి నుంచి గ్రహిస్తుంది. కణకవచంలోని ఋణావేశ స్థానాలు లోహ అయానులను బంధిస్తాయి. సీసాన్ని మరీ గట్టిగా. 1960 దశకం చివర స్వీడన్‌లో రూలింగ్, టైలర్ అనే శాస్త్రజ్ఞులు ఈ గుణాన్ని ఆధారం చేసుకొని పద్ధతిని రూపొందించారు. అక్కడి అడవులలో హైలోకోమియం అనే మాస్ తివాచీ వలె పరుచుకొని, ఏటేటా ఒక్కొక్క మెట్టు చొప్పున పెరుగుతుంది. మెట్లు లెక్కిస్తే ఏ సంవత్సరాల లోహమో తెలుస్తుంది. 1990 నుంచి ఐరోపా దేశాలు అయిదేళ్లకొకసారి ఇటువంటి సర్వే జరుపుతున్నవి.

గనుల విషయంలో అలాస్కాలోని రెడ్ డాగ్ జింకు, సీసపు గని మంచి ఉదాహరణ. గని నుంచి రేవుకు పోయే సుమారు 84 కిలోమీటర్ల దారిలో కొంతభాగం రక్షిత ప్రాంతం గుండా సాగుతుంది. 2001లో ఆ దారి వెంట మాస్ సేకరించి చూడగా సీసం, కాడ్మియం దారి పక్కనే మిక్కిలి హెచ్చుగా ఉండి, దూరం పోయిన కొద్దీ తగ్గినవి. మెచ్చుకోదగినది మరొకటి: పరిశోధకులు అక్కడి మట్టిని కూడా పరీక్షించి, మాస్‌లోని లోహానికి ఆ మట్టి ఒక్కటే కారణం కాజాలదని తేల్చారు.

ఈ రెండవ అడుగు లేనిదే మణికొండలో ఏ అంకె వచ్చినా చెల్లదు. ఇక్కడి గ్రానైటులోనే సీసం, జింకు స్వల్పంగా ఉంటాయి. బండలు పగులగొట్టి భవనాలు లేపుతున్న చోట ఆ పొడి మాస్ మీద పడుతుంది. టైర్ల అరుగుదల నుంచి జింకు, బ్రేకుల నుంచి రాగి వచ్చి చేరతాయి. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లోనే ఆగినా, అప్పుడు నేలలో చేరిన సీసం ధూళిగా లేవవచ్చు. పైగా దక్కను మాస్ వేసవిలో ఎండి ముడుచుకుపోతుంది. స్వీడన్ మాస్ వలె ఏటి మెట్లు చూపదు. వినుకొండ సమీపాన అగ్నిగుండాల సీసపు ఖనిజ ప్రాంతంలోనూ ఎండాకాలపు చిక్కు ఇదే.

మాస్ పచ్చగా ఉన్నది కాబట్టి గాలి శుభ్రమనడం ఇంకా పెద్ద పొరపాటు. పాఠ్యపుస్తకాలలో కనిపించే ఫ్యునేరియా లోహాలు కలిసిన నేలమీద సైతం పెరగగలదు.

యంత్రం అక్కరలేదన్న మాట చూద్దాం. మాస్ లోహాన్ని కూడబెడుతుంది గాని కొలవదు. దానిని ఎండబెట్టి, ఆమ్లంలో కరిగించి, పరమాణు శోషణ వర్ణపటమాపకం వంటి పరికరంతో కొలవాలి. చవక అయినది సేకరణ మాత్రమే. అదే దీని అసలు బలం కూడా. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 2013లో చెట్లమీది మాస్ నమూనాలు 346 తీశారు. రంగుటద్దాలు చేసే కర్మాగారాల దగ్గర కాడ్మియం హెచ్చుగా కనిపించింది. అంతటితో తీర్పు చెప్పలేదు. తరువాత అక్కడ గాలిని కొలిచే పరికరం పెట్టి నిర్ధారించుకున్నారు. పరికరం ఎక్కడ పెట్టాలో మాస్ చూపింది. పిల్లలు పీల్చే గాలి ఘనపు మీటరులో ఎంత కాడ్మియం ఉన్నదో అది చెప్పలేదు.

మణికొండ వంటి చోట్లకు 1971లో గుడ్‌మన్, రాబర్ట్స్ వేల్సులోని స్వాన్సీ లోయలో వాడిన మాస్ సంచులే మేలు. శుభ్రమైన చోటి మాస్‌ను కడిగి, వలసంచులలో కట్టి కొన్ని వారాలు వేలాడదీస్తారు. ఎన్నాళ్లు గాలి తగిలిందో ఖచ్చితంగా తెలుస్తుంది. గోడ సున్నం, బండ పొడి నేరుగా అంటవు. ఒక సంచిని మూసి గదిలో ఉంచాలి. దానిలోని లోహాన్ని తీసివేయగా మిగిలినదే లెక్కకు వస్తుంది.