చలనచిత్రవిమర్శకులు – ఆప్తత్వనిర్ణయము

చలనచిత్ర మొకటి శుక్రవారమునాఁడు ఉదయపు ఆటతో వెలువడిన కొన్ని గడియలకే దానినిగుఱించి పదులకొలఁది విమర్శనములు పుట్టుచున్నవి. కొన్ని వార్తాపత్రికలవి, కొన్ని అంతర్జాలపత్రికలవి, తక్కినవి చేతిఫోనును మోమున కెదురుగాఁ బట్టుకొని ప్రదర్శనశాల వాకిటనే మాటలాడువారివి. పాతనగరమున జహనుమావంటి పేటలో అయిదుగురు గల కుటుంబము ఆదివారమునాఁడు చిత్రమునకుఁ బోఁదలఁచినచో ఆటోకూలి, టిక్కెట్లు, విరామమునందలి తినుబండారములు కలిసి గృహయజమానుని వారపువ్యయములో వెలితి నేర్పఱుచును. కావునఁ బోవుటకు ముందు ఎవరిమాటయో వినవలసియున్నది. ఎవరిమాట వినవలయు నన్నదే ప్రస్తుతవిచారము. సాహిత్యపరిశోధనపత్రికలో దీనికిఁ జోటెక్కడిదని యనువారు గలరేని, దృశ్యకావ్యమునకుఁ బరీక్షకు లెట్టివారై యుండవలయునో చెప్పుటకు భరతుఁడు నాట్యశాస్త్రమున సిద్ధ్యధ్యాయమునఁ బెక్కు శ్లోకములు వినియోగించెనని జ్ఞప్తిచేయుచున్నాను.

(జహనుమా యన్నది పారసీకసమాసము. 'జహాన్' అనఁగా లోకము, 'నుమా' యనఁగాఁ జూపునది. లోకదర్శకమని మనము సంస్కృతీకరింపవచ్చును. ప్రక్కపేటయైన ఫలక్‌నుమా ఆకాశదర్శకము. విమర్శకుఁడును మనకంటె ముందుగాఁ జూచి మనకుఁ జూపువాఁడే. వాఁడు చూపునది చిత్రమా, తన మోమా యన్నదే సందేహము.)

తెలుఁగున మాటలచిత్రము 1932లో 'భక్తప్రహ్లాద'తో మొదలైనది. పిమ్మటి దశాబ్దములలోఁ జిత్రవిమర్శనము దినవారపత్రికలయందు వచ్చుచుండెడిది. 1950 దశకమున ముళ్ళపూడి వెంకటరమణగారు ఆంధ్రపత్రికలోఁ జిత్రసమీక్షలు వ్రాసిరి. కొడవటిగంటి కుటుంబరావుగారు దీర్ఘకాలము చిత్రములనుగుఱించి వ్యాసములు వ్రాసిరి. వారి యభిప్రాయములు సరియైనవా కావా యన్నది వేఱుమాట. చదువరికి వ్రాయువాని పేరు తెలియును, వాని తక్కిన రచనలు తెలియును, వాని యిష్టానిష్టములు తెలియును. వెంకటరమణగారు తరువాతఁ దామే చిత్రములకు సంభాషణలు వ్రాయుటకుఁ బూనుకొనిరి. ఆ మార్పును పాఠకుల కన్నులయెదుటనే జరిగినది. నేఁడు పేరు తెలియనివాఁడు, ఊరు తెలియనివాఁడు అయిదింటికి రెండుముప్పాతిక నక్షత్రము లిచ్చి పోవుచున్నాఁడు. ఆ ముప్పాతికకును పూర్తి మూఁటికిని నడుమ నున్న భేద మేమో వాఁడు చెప్పఁడు. అయినను, సూత్రమున అర్ధమాత్ర తగ్గినచో నింటఁ గొడుకు పుట్టినట్లు సంతసించు వైయాకరణులము, పావునక్షత్రమునకై పోరువారిని నవ్వుట యంత యుక్తము గాదు.

విచారమున కడ్డువచ్చు చిక్కు మొదటనే యొకటి గలదు. ఏ విమర్శకుఁడు మంచివాఁ డన్నచో, మంచి చిత్రమును మంచిదనువాఁడని యుత్తరము. ఏ చిత్రము మంచిదన్నచో, మంచి విమర్శకుఁడు మంచిదన్నదని యుత్తరము. ఇది యితరేతరాశ్రయము. చిత్రమును స్వయముగాఁ జూచి నిర్ణయింతమన్నచో, సొమ్ము వ్యయమైన పిమ్మట నుపదేశముతోఁ బనిలేదు. ఈ దోషమే మహాభాష్యమునఁ బృషోదరాదిసూత్రవిచారమునందుఁ బొడసూపినది. అచటఁ బ్రశ్న శిష్టు లెవ రన్నది. వ్యాకరణ మెఱిఁగినవారు శిష్టు లందుమా, శిష్టుల ప్రయోగమే వ్యాకరణమునకు మూలము. పతంజలి దీనినుండి తప్పించుకొన్న తీరు మెచ్చఁదగినది. శిష్టులను వారి మాటలచేతఁ గాక, నివాసముచేతను ఆచారముచేతను గుర్తింపవలయు నన్నాఁడు. కుండెడు ధాన్యముతోఁ దృప్తిపడువారు, లోభము లేనివారు, పైకిఁ గనఁబడు ప్రయోజన మేదియు లేకయే సదాచారము ననుసరించువారు, ఏదేని యొక విద్య యావలియొడ్డు చూచినవారు శిష్టులు. శబ్దసాధుత్వమునకుఁ జెప్పిన యీ లక్షణము చిత్రవిమర్శకునియందు నన్వయించు నని నాయభిప్రాయము.

ఆచారము మొదట చూతము. వ్రాయువానికి జీతమిచ్చువా రెవరు? ఆ పత్రికలోఁ బూర్ణపుట ప్రకటన లిచ్చువా రెవరు? పత్రికయు, చిత్రనిర్మాణమును ఒక్కచేతిలో నున్న సందర్భములు తెలుఁగుదేశమునఁ గలవు. 'ఈనాడు' దినపత్రికాధిపతి రామోజీరావుగారు 1983లో ఉషాకిరణ్ మూవీస్ సంస్థను స్థాపించిరి. చిత్రవార్తలకై 'సితార' వారపత్రిక యంతకు మునుపే వారి సంస్థనుండి వెలువడుచుండెను. ఇట్టిచోట వ్రాయువాఁడు అసత్యవాది యని నే ననను. కాని చదువరి యా సంబంధము నెఱిఁగి చదువవలయును. పత్రికయందైనఁ బేరు ముద్రితమై యుండును. అంతర్జాలమున వ్రాయువానికిని నిర్మాతకును గల సంబంధము చదువరికిఁ గనఁబడదు. 'కనఁబడు ప్రయోజన మేదియు లేక' యన్న పతంజలిమాటను మనము 'కనఁబడని ప్రయోజనమును లేక' యని పెంచుకొనవలసిన కాలము వచ్చినది.

సొమ్మొక్కటియే ప్రయోజనము గాదు. పక్షపాతము సొమ్ముకంటె బలమైనది. భరతుఁడు నాట్యమునకుఁ గలుగు ఘాతములను జెప్పుచు, పరులవలనఁ బుట్టు ఘాతములకు మాత్సర్యము, ద్వేషము, పక్షాశ్రయము, ధనముచే లోఁబఱచుకొనఁబడుట యని కారణముల నెన్నినాఁడు. నటులు ఆడుచుండఁగాఁ గేకలు వేయుట, నవ్వుట, గోమయము విసరుట వారి పనులు. నేఁటి కథానాయకుల యభిమానిసంఘములు ఒండొరుల చిత్రములపైఁ జల్లు దూషణము గోమయమునకు సోదరమే. 2024 ఏప్రిల్‌లో 'ఫ్యామిలీ స్టార్' విడుదలైనపుడు దానిపైఁ బనిగట్టుకొని దుష్ప్రచారము జరుగుచున్నదని సైబరాబాదు రక్షకభటశాఖవారికి ఫిర్యాదు చేయఁబడినది. అదే సంవత్సరము డిసెంబరులోఁ దమిళనిర్మాతల సంఘమొకటి, చిత్రము వెలువడిన మూఁడుదినములవఱకు విమర్శనములు ప్రకటింపఁగూడదని శాసింపుఁడని మద్రాసు ఉన్నతన్యాయస్థానమును గోరఁగా న్యాయస్థాన మట్టి నిషేధము విధింప లేదు.

విధింపకుండుటయే మేలైనది. దుష్టప్రచారమున్నదన్న మాట నేను ద్రోసివేయను. కాని యౌషధ మిది గాదు. ఆ మూఁడుదినములును శుక్ర శని యాదివారములు. జహనుమాలోని గృహస్థునికి సలహా కావలసినది యప్పుడే. విమర్శకులు నోరు మూసికొన్నను బ్రకటనలు మూసికొనవు గదా. దుష్టుని నోటితోఁ బాటు ఆప్తుని నోరును మూయుటచే లాభపడునది ప్రకటన మాత్రమే. 1980లో విడుదలైన 'శంకరాభరణము'నకుఁ దొలిదినములలో జనము పలుచగా నుండిరనియు, చూచినవారి నోటిమాటచేతనే శాలలు నిండెననియుఁ బ్రసిద్ధి. పెద్ద కథానాయకుఁడు లేని చిత్రమున కా నోటిమాటయే దిక్కు.

అయితే లోభము లేమి చాలునా? చాలదు. లోభము లేని మూఢులు పెక్కుమంది గలరు. విద్యాపారంగతత్వ మెట్లు తెలియవచ్చును? భర్తృహరి వాక్యపదీయమునందు రత్నపరీక్షకుల నుదాహరించినాఁడు. మణుల యొక్కయు నాణెముల యొక్కయు తారతమ్యజ్ఞానము వారి కభ్యాసముచేతనే కలుగును. అది యనుమానముచే వచ్చినది గాదు, ఇతరులకు మాటలతోఁ జెప్పఁదగినదియుఁ గాదు. పత్తర్‌గట్టీలో ముత్యముల వర్తకుఁడు ముత్యమును వ్రేళ్లనడుమఁ ద్రిప్పి ధర చెప్పును. ఎట్లు తెలిసినదన్నచో నవ్వును. మఱి ముత్య మెఱుఁగని కొనువాఁడు వానిని నమ్ముట యెట్లు? మునుపు వాఁడు మంచిదన్న ముత్యము లేండ్లు గడచినను మెఱుఁగు తగ్గక యున్నవా యని చూచుకొని.

నైయాయికుల తెరు వదియే. మంత్రాయుర్వేదముల ఫలము ప్రత్యక్షముగాఁ గనఁబడుచున్నది గాన, వాని నుపదేశించిన యాప్తుఁ డప్రత్యక్షవిషయమునఁ జెప్పినదియుఁ బ్రమాణమని వారు సాధించిరి. కావున విమర్శనములను జూడఁబోవు చిత్రమునకుఁ గాక, చూచిన చిత్రములకు ముందు చదువవలయును. మనము లెస్సగాఁ జూచి, తలపోసి, యొక నిశ్చయమునకు వచ్చిన పది చిత్రముల నెన్నుకొని వానిపై నొక విమర్శకుఁడు వ్రాసినదెల్లఁ జదువుఁడు. వాఁడు మన నిశ్చయముతో నేకీభవించెనా యన్నది యంత ముఖ్యము గాదు. మనము కన్నులారఁ జూచియు గుర్తింపని దానిని వాఁడు చూపెనా? చూపినపిమ్మట 'ఔను, అక్కడ నట్లే యున్నది' యని మనకుఁ దోఁచినదా? తోఁచెనేని చూడని చిత్రమునందును వాని మాటకు విలువ గలదు. అష్టాధ్యాయి నభ్యసించినవాఁడు, దాని నభ్యసింపకయే సాధుశబ్దములఁ బలుకు నొకనిఁ జూచి, వీఁడు శిష్టుఁడని గ్రహించునఁట. పతంజలి యిచ్చటనే వ్యాకరణమునకుఁ బ్రయోజనము చూపినాఁడు. మన పది చిత్రముల యనుభవ మిచ్చట నా యష్టాధ్యాయి.

ఈ పరీక్షలో నొక విచిత్రము గలదు. నేను మెచ్చినదాని నెల్ల నియమముగా దూషించువాఁడు నాకు మిక్కిలి యుపకారి. వాఁడు 'సాగదీసిన చిత్రము, మాటలెక్కువ' యన్నచో నేను నిస్సందేహముగాఁ బోవచ్చును, వ్యతిరేకవ్యాప్తియు వ్యాప్తియే. నియతవిరోధి నమ్మఁదగినవాఁడు, అనియతమిత్రుఁడు నమ్మఁదగనివాఁడు. ఒకప్పుడు నాతోఁ గలిసి, యొకప్పుడు విడిపోయి, రెంటికిని గారణము చెప్పనివాఁడు నక్షత్రములు లెక్కించు జ్యోతిష్కుఁడే గాని విమర్శకుఁడు గాఁడు.

కారణమన్న మాట వచ్చినది గాన 'సాగరసంగమము'ను (1983) స్మరింపక తప్పదు. విశ్వనాథుగారి యా చిత్రమునఁ గథానాయకుఁడు నాట్యవిమర్శకుఁడై పత్రికలో వ్రాయుచుండును. నర్తకి యభినయమును దప్పుపట్టి వ్రాయఁగా నామె పక్షమువారు పత్రికాకార్యాలయమునకు వచ్చి నిలదీయుదురు. అతఁడు వాదింపఁడు. లేచి, యభినయించి, వేర్వేఱు నృత్యసంప్రదాయములలో నది యెట్లుండవలయునో తన దేహముననే చూపును. త్రాగుఁబోతు, పనికిమాలినవాఁడు అన్న పేరుగల యాతని మాట యా క్షణమునఁ బ్రమాణమగును. ఆప్తుఁడు ఋషియైనను, ఆర్యుఁడైనను, మ్లేచ్ఛుఁడైనను లక్షణ మొక్కటియే యని వాత్స్యాయనుఁడు చెప్పినదాని కింతకంటె మంచి యుదాహరణ మెచట దొరకును? విమర్శకులందఱును నర్తింప నక్కఱలేదు. కాని చిత్రము బాగులేదన్నవాఁడు ఏ ఘట్టమున, ఏ మాట, ఏ కూర్పు చెడినదో చూపవలయును. కేవలప్రతిజ్ఞ వాదము గాదు.

విమర్శకభేదములను రాజశేఖరుఁడు కావ్యమీమాంసలో నాలుగుగాఁ జెప్పినాఁడు: ఏదియు రుచింపని యరోచకి, గడ్డితోఁ గూడ మ్రింగు సతృణాభ్యవహారి, మత్సరి, తత్త్వాభినివేశి. తొలి రెండింటిని వామనుఁడు కవుల విషయమునఁ జెప్పియుండెను. రాజశేఖరుఁడు వానిని భావకులకుఁ ద్రిప్పినాఁడు. వీరిలో మత్సరిని సులభముగాఁ గనిపెట్టవచ్చును. అరోచకి యపాయకారి, వాని యరుచిని మనము వివేకమని భ్రమపడుదుము. పల్లెబడులలోని మన పండితులకే యీ భ్రమ యెక్కువ. సతృణాభ్యవహారి యంత చెడ్డవాఁడు గాఁడు. వాఁడు గడ్డిలో గింజను గూడఁ దినుచున్నాఁడు గదా.

ఇంక నివాసము. భరతుఁడు సందేహస్థలమున నిర్ణయము చేయఁదగిన ప్రాశ్నికులను బది తెఱఁగులుగాఁ బేర్కొన్నాఁడు. యజ్ఞవిదుఁడు, నర్తకుఁడు, ఛందోవిదుఁడు, శబ్దవిదుఁడు, రాజు, ధనుర్వేది, చిత్రకారుఁడు, వేశ్య, గాయకుఁడు, రాజసేవకుఁడు. ఎవనికిఁ దెలిసిన పని రంగమున నాడఁబడినదో దానికే వాఁడు పరీక్షకుఁడు. సకలమునకు నొక్కఁడు పరీక్షకుఁడని యతఁడు చెప్ప లేదు. మనము మాత్ర మొక్కని నక్షత్రములతోఁ దృప్తిపడుచున్నాము.

ఈ లోప మెచ్చటఁ బీడించునో మా ప్రాంతపుఁ జిత్రములు చూపును. 2019లో విష్వక్‌సేన్ తానే దర్శకుఁడును నాయకుఁడునై 'ఫలక్‌నుమాదాస్' తీసెను. అది 2017 నాఁటి మలయాళచిత్రమైన 'అంగమలి డైరీస్'కు బునర్నిర్మాణము. దానిని దూఁచుటకు రెండు విద్యలు గావలయును: మాతృక నెఱుఁగుట, ఫలక్‌నుమా వీథులలోఁ దెలంగాణపుఁ దెలుఁగును దక్కనీ ఉర్దూయును గలిసి నడచు తీరు నెఱుఁగుట. మొదటిది యింటఁ గూర్చుండి సంపాదింపవచ్చును. రెండవదానికి నివాసము కావలయును. 'గిట్ల' యన్నది యెచ్చట సహజముగా వచ్చెను, ఎచ్చటఁ దెచ్చి యతికింపఁబడెను అని చెప్పఁగలవాఁ డా చిత్రమునకు శబ్దవిదుఁడు. దానిలోని బూతులను లెక్కించి నక్షత్రములు తగ్గించినవాఁడును, సహజమని పొగడి పెంచినవాఁడును భాషను బరీక్షింప లేదు.

2005లో వచ్చిన 'ది అంగ్రేజ్' దక్కనీలోఁ దీయఁబడినది. చార్మినారు చెంతఁ గూర్చుండి గొప్పలు చెప్పుకొను పోకిరుల కథ. 'నక్కో', 'హౌ', 'కైకు' అను మాటలు చెడిన ఉర్దూయని తలఁచువానికి దానిలో హాస్యమే కనఁబడదు, అపభ్రంశమని తోఁచును. అది యపభ్రంశము గాదు, తనదైన నియమము గల దేశభాష. ఆ చిత్రమును జనులయొద్దకుఁ జేర్చినది పత్రికలకంటె నోటిమాటయు, సీడీలును. అట్టి చిత్రము మరల వచ్చినపుడు నేను నక్షత్రములను జూడను. ఇంజన్‌బౌలీ దారిలో నిరానీ హోటలునఁ బ్రొద్దుటినుండి కూర్చుండు వృద్ధులలో నొకరి నడుగుదును. ధనుర్వేదిని, రాజసేవకునిఁ బ్రాశ్నికులలోఁ జేర్చిన భరతుఁ డాయనకుఁ బీట వేయకుండునా?