ఆవ పెట్టేముందు గింజ పెట్టండి

మామిడి ఆవకాయకు దక్కిన పేరులో పావు వంతు కూడా దోసావకాయకు దక్కలేదు. ఇది శుద్ధ అన్యాయమని నా వాదన. మామిడి ముక్క ఊరేదాకా జాడీ చుట్టూ తిరుగుతూ ఓపిక పట్టాలి. దోస ముక్క మూడో రోజుకల్లా పులుపెక్కి, కరకరమంటూ వేడన్నంలోకి వచ్చేస్తుంది. ఆవఘాటు ముక్కుకెక్కుతుంది కానీ ముక్క నోట్లో చల్లగా ఉంటుంది. ఆ రెండూ ఒకేసారి తెలియడమే దోసావకాయ గొప్ప. అయితే బజారులో కాయ కొనుక్కొచ్చి ఆవ పెట్టేవాళ్లకు ఈ విద్య సగమే తెలిసినట్టు. మిగతా సగం గింజలో ఉంది.

నేనీ మాట గన్‌ఫౌండ్రీలో ఉండి అంటున్నాను. 1786లో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోయించిన చోటు ఇది. తోప్ కా సాంచా అంటే ఇదే. ఆయన్ను జనం మూసా రహీం అన్నారట, మూసారాం అన్నారట, మూసారాంబాగ్ పేరు అలా వచ్చిందేనట. ఆ దొర దేశంలో చిటికెన వేలంత దోసకాయల్ని కార్నిషాన్లంటారు, వెనిగర్‌లో ఊరేసి మాంసం పక్కన కొరుక్కుంటారు. ఊరేసుకోవడానికే పనికొచ్చే దోసకాయను విడిగా పండించుకోవాలన్న బుద్ధి వాళ్లకూ ఉంది, మనకూ ఉంది. కాకపోతే మనం ఆవపిండి కలిపాం కాబట్టి గెలిచాం.

ఇప్పుడీ పేటలో పెరడన్నది లేదు. చాపెల్ రోడ్డు వెనక సందుల్లో పాత పెంకుటిళ్లు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. మిగిలింది మిద్దె. ఆ మిద్దె మీదే మా టీచరమ్మ గారు పెరుగు బకెట్లలో, పగిలిన నీళ్ల డ్రమ్ముల్లో దోస పండిస్తారు. రిటైరై చాలా కాలమైంది. ఆవిడ తీగల్ని చూస్తే పొలంలో పండించేవాళ్లు కూడా ఒక క్షణం నిలబడిపోతారు.

గింజలు నాటడం దగ్గరే ఆవిడ చేయి తెలిసిపోతుంది. దోసకు రెండు అదనులు: తొలకరి పడ్డాక జూన్, జూలై ఒకటి, ఎండాకాలపు పంటకు జనవరి, ఫిబ్రవరి ఒకటి. రెండోదానికి మా పేటలో గుర్తు నాంపల్లి నుమాయిష్. జనం దుప్పట్లు, చుడీదార్లు కొనుక్కునే రోజుల్లో టీచరమ్మ గింజలు నానేస్తారు. ఒక రాత్రి నీళ్లలో, మర్నాడు తడిగుడ్డ మూటలో. ముక్కు పగిలిన గింజల్ని మాత్రమే ఏరి, ఒక్కో తొట్టిలో మూడేసి, వేలి గోరంత లోతున పెడతారు. మొలిచాక బలమైనదాన్ని ఉంచి మిగతావి గిల్లేస్తారు, పీకరు. పీకితే ఉంచినదాని వేరూ కదులుతుంది. దోసవేరు కదిలితే అలుగుతుంది. ఒకచోట నారు పోసి ఇంకోచోట నాటేవాళ్లకు ఆ సంగతి తెలియదు. తొట్టి కనీసం అడుగు లోతుండాలి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు సమంగా, గుప్పెడు వేపపిండి. అంతకు మించిన రహస్యం మట్టిలో లేదు.

రహస్యమంతా తల తుంచడంలో ఉంది. తల్లితీగను దాని మానాన వదిలేస్తే పందిరంతా మగపూలతో పచ్చగా నవ్వుతుంది గానీ కాయ ఉండదు. దోస కాయలు ఎక్కువగా పట్టేది పక్క కొమ్మలకు. నాలుగైదు ఆకులు రాగానే టీచరమ్మ కొన గిల్లుతారు. పక్కనుంచి కొమ్మలు వస్తాయి. పిందె పూలు వాటి మీద కనిపిస్తాయి. పువ్వు కింద నూగుతో కందిగింజంత పిందె ఉంటే అది కాయ పువ్వు, ఉట్టి కాడే ఉంటే మగది. తేనెటీగలు మా నాలుగో అంతస్తు దాకా ఎక్కి రావాలంటే వాటి దయ. అందుకని పొద్దున్నే, ఎండ ముదరకముందే, మగపువ్వు రేకులు వలిచి దాని పుప్పొడిని పిందె పువ్వు నడుమ అద్దుతారు. ఆ వేళ్ల కదలిక చూడాలి. వీణ మీద గమకం పలికించేవాళ్లకు తప్ప అంత మెత్తగా ఎవరికీ సాధ్యం కాదు.

ఇక చేదు. దోసను నమ్మలేకపోవడానికి కారణం ఇదే. కుకుర్బిటాసిన్లనే చేదు పదార్థాలు ఈ జాతి మొక్కల్లో పుట్టుకతోనే ఉంటాయి. ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచేస్తే అవి కాయలోకి దిగుతాయి. కాబట్టి నీళ్లు తక్కువైనా ఎక్కువైనా రోజూ ఒకే తీరున పోయాలి. ఆకుల మీద గుమ్మడి పెంకు పురుగు వాలితే, మంచు తడి ఆరకముందే పిడకల బూడిద చల్లుతారు. బూడిద తెగులు కనబడింది కదా అని గంధకం మాత్రం చల్లకండి, దోస జాతి ఆకులు మాడిపోతాయి. పండు ఈగ కుట్టిన కాయల్ని కోసి మిద్దె దాటించాలి, తొట్టి మొదట్లో పడేస్తే పురుగు మళ్లీ ఆ మట్టిలోంచే లేస్తుంది. ఆల్వాల్ రైతు చింతల వెంకటరెడ్డి గారు లోపలి మట్టిని నీళ్లలో కలిపి పైరు మీద చల్లి పురుగును ఆపుతారు. ఆ మట్టి విద్యకే 2020లో పద్మశ్రీ వచ్చింది. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారైతే నారపల్లిలో తన ఇంటి పైకప్పు మీద కూరగాయలూ పండ్లూ పండించి, ‘మిద్దెతోట’ను ఇంటింటి మాట చేశారు. ఇలాంటి మహానుభావులున్న ఊళ్లో మనం ప్లాస్టిక్ సంచిలో వచ్చిన దోసకాయ తింటున్నాం.

కోత మరో పరీక్ష. పప్పులోకైతే నిండు పసుపు కాయ బాగుంటుంది. ఆవకు మాత్రం పసుపు తిరుగుతూ ఆకుపచ్చ చారలు ఇంకా చెదరని కాయ కావాలి. వేలితో నొక్కితే బండలా ఉండాలి. కడిగి, పొడిగుడ్డతో తుడిచి, తొక్క తీయకుండా కోస్తారు. గింజలు గీరేస్తారు. ప్రతి కాయలోనూ ఒక ముక్క నాలుక మీద పెట్టుకుని చూస్తారు. “కాయ మొహం చూసి మోసపోకు నాయనా, ముక్కనడుగు” అంటారు టీచరమ్మ. ఐదారు గిన్నెల ముక్కలకు గిన్నె కారం, గిన్నె ఆవపిండి, గిన్నెకు కాస్త తక్కువ ఉప్పు, ముక్క మునిగేంత నువ్వులనూనె. తడి చెయ్యి తగలకూడదు. నెల దాటి నిలవుండదు, ఉండనక్కర్లేదు కూడా.

ఇక్కడిదాకా మెచ్చుకోలు. ఇప్పుడు కోపం.

సూపర్‌మార్కెట్లో దోసావకాయ పేరుతో అమ్మే సీసా ఒకటి తెరిచి చూడండి. అందులో ఉండేది నీరు కారే కీరా ముక్క. కీరా వేరు జాతి, దోస వేరు జాతి. శాస్త్రం ప్రకారం మన కూరదోస ఖర్బూజకు తోబుట్టువు. కీరాను ఉప్పులో వేస్తే పిండిన గుడ్డలా అయిపోతుంది. ఆ మెత్తదనం కప్పడానికి అసిటిక్ ఆమ్లం పోస్తారు, ఘాటుకు కారం గుమ్మరిస్తారు, ఆవపిండి మాత్రం వాసనకు. పులుపు ముక్క తనంతట తాను ఊరి తెచ్చుకోవాల్సిన గుణం, సీసాలో పోసేది కాదు! ఇంకో చిత్రం: కుప్పం వైపు రైతులు వేలెడంత గెర్కిన్ పండిస్తారు. అది ఉప్పునీళ్ల డ్రమ్ముల్లోకెక్కి పరదేశం పోతుంది. పండించిన రైతు ఇంట్లో దాని రుచి తెలిసినవాళ్లుండరు. మన చేలల్లో వాటంతటవే మొలిచే బుడమకాయలు, గుండుగా ఊరేసుకోవడానికి దేవుడిచ్చినవి, కలుపు మందుకు కాలిపోతున్నాయి.

విత్తనం సంగతి ఇంతకన్నా ఘోరం. రంగు పొట్లంలో కొన్న హైబ్రిడ్ కాయ నున్నగా, ఒక్క తీరున కాస్తుంది. దాని గింజ దాచి మళ్లీ నాటితే ఒక్కో తీగ ఒక్కో దారి పడుతుంది. అంటే ఏటా పొట్లం కొంటూ ఉండాల్సిందే. నాటు దోసకు ఆ బెడద లేదు, కానీ ఒక జాగ్రత్త కావాలి: పక్క మిద్దె మీద ఖర్బూజ పూస్తుంటే ఈ జాతి దానితో కలిసిపోతుంది. అందుకే విత్తనానికి ఎంచుకున్న పిందె పువ్వుకూ, ఒక మగ మొగ్గకూ ముందురోజు సాయంత్రమే పల్చటి గుడ్డ కట్టాలి. మర్నాడు ఒకదాని పుప్పొడి ఒకదానికి అద్ది, మళ్లీ కట్టి, కాడకు ఎర్రదారం ముడేయాలి. ఆ కాయను పూర్తిగా పండనిచ్చి, గుజ్జును ఒకట్రెండు రోజులు పులియనిచ్చి, కడిగి, మునిగిన గింజల్ని నీడన ఆరబెట్టి బూడిదలో దాచాలి. కీరా తీగ పక్కనున్నా భయం లేదు, వాటికి చుట్టరికం కలవదు.

పబ్లిక్ గార్డెన్స్‌లోని ఉద్యాన శాఖ వారికి ఒక విన్నపం. మీ గేటుకు కూతవేటు దూరంలో ఏటా నుమాయిష్ జరుగుతుంది, సరిగ్గా దోస నాటే రోజుల్లో. అక్కడ ఒక బల్ల వేసి నాటు కూరదోస గింజలు చిన్న పొట్లాల్లో అమ్మండి, చాలు. రాజేంద్రనగర్ పరిశోధకులు ఎంచి పెట్టిన దోస రకాలున్నాయి, జన్యు వనరుల కేంద్రమూ అక్కడే ఉంది. అవి మిద్దెల దాకా రావాలి. పాఠకులకు కూడా ఒక మాట: ఈసారి మీ ఊరి సంతలో గట్టి కాయ, చేదులేని కాయ దొరికితే ఆశపడి మొత్తం ఆవ పెట్టేయకండి. ఒకటి పండబెట్టి గింజ తీయండి. సగం మీరుంచుకుని సగం పక్కింటివాళ్లకివ్వండి.