చావు రాసిపెట్టి బతికించిన సూపర్‌మ్యాన్

సూపర్‌మ్యాన్ అంటే విసుగనేవాళ్ళతో నాకు పెద్ద తగువు లేదు. వాళ్ళు చెప్పేది చాలావరకు నిజమే. తూటా దిగదు, నిప్పు కాల్చదు, గోడ ఆపదు. అబద్ధం ఆడడు, డబ్బుకు ఆశపడడు. ఇలాంటివాణ్ణి పెట్టుకుని కథ ఎలా నడుపుతారు? బ్యాట్‌మ్యాన్‌కి అమ్మానాన్నల హత్య ఉంది, స్పైడర్‌మ్యాన్‌కి నెల తిరిగేసరికి ఇంటి అద్దె బాధ ఉంది. ఈయనగారికి ఏముంది? ఒక పచ్చరాయి. ఆ క్రిప్టోనైట్ ముక్కనే అటు తిప్పీ ఇటు తిప్పీ ఎంతమంది రచయితలు ఎన్నేళ్ళు నెట్టుకొచ్చారో లెక్క లేదు.

'ఆల్ స్టార్ సూపర్‌మ్యాన్' కామిక్స్ రాసిన గ్రాంట్ మారిసన్ ఆ రాయి జోలికి పెద్దగా పోలేదు. మొదటి సంచికలోనే సూపర్‌మ్యాన్‌కి చావు రాసేశారు. సూర్యుడి మీదికి వెళ్ళిన పరిశోధకుల నౌకను సూపర్‌మ్యాన్ పాత శత్రువు లెక్స్ లూథర్ కుట్రతో పేల్చబోతాడు. సూపర్‌మ్యాన్ వెళ్ళి వాళ్ళని కాపాడతాడు. అతని బలమంతా సూర్యరశ్మిలోంచి వచ్చేదే కదా, అంత దగ్గరికి వెళ్ళేసరికి మోతాదు మించిపోతుంది. మునుపెన్నడూ లేనంత శక్తి వస్తుంది, ఒంట్లో కణాలు మాత్రం ఒక్కొక్కటీ చచ్చిపోతుంటాయి. మహా అయితే ఏడాది. గుద్ది పడగొట్టడానికి ఎదురుగా శత్రువు లేడు. చేతిలో ఉన్న రోజుల్ని ఎలా గడపాలన్నదే మిగిలిన కథ.

ఈ 'ఆల్ స్టార్ సూపర్‌మ్యాన్' సిరీస్‌ని డీసీ కామిక్స్ 2005 చివర్లో మొదలుపెట్టింది. 2008లో 12వ సంచికతో అయిపోయింది. బొమ్మలు ఫ్రాంక్ క్వైట్లీవి, వాటికి కంప్యూటర్ మీద ఇంకూ రంగులూ జేమీ గ్రాంట్ వేశారు. రచయితదీ చిత్రకారుడిదీ ఒకే ఊరు, స్కాట్లండ్‌లోని గ్లాస్గో. కామిక్స్ రంగంలో పెద్ద గౌరవమైన ఐస్నర్ అవార్డులు దీనికి ఒకటికి మూడుసార్లు వచ్చాయి. అవార్డుల సంగతి అటుంచితే, కామిక్స్‌లో కథ చెప్పడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందు చేతిలో పెట్టే పుస్తకం ఇదే.

మొదటి పేజీ చూడండి. నాలుగు గళ్ళు, నాలుగు బొమ్మలు, అన్నిట్లో కలిపి ఎనిమిదే మాటలు. పగిలిపోతున్న గ్రహం, దిక్కుతోచని శాస్త్రవేత్తలు, బిడ్డను మోసుకెళ్ళే రాకెట్, పొలంలో ఆ బిడ్డను అందుకునే దంపతులు. క్రిప్టాన్ నుంచి కాన్సస్ దాకా ఉన్న పుట్టుపూర్వోత్తరాలన్నీ అంతటితో సరి. పేజీ తిప్పగానే రెండు పేజీలూ నిండేలా సూర్యుడి మీదుగా దూసుకుపోతున్న సూపర్‌మ్యాన్. సినిమావాళ్ళు ఈ ముక్క చెప్పడానికి అరగంటకు పైగా తీసుకున్న సందర్భాలున్నాయి. మారిసన్ ధైర్యమల్లా పాఠకుడిని నమ్మడంలో ఉంది. మన ఊళ్ళలో హరికథకి వెళ్ళి కూర్చున్నవాళ్ళకి శివధనుస్సు విరుగుతుందా లేదా అన్న బెంగ ఉండదు. దాసుగారు ఇవాళ దాన్ని ఎలా విరిపిస్తారో చూద్దామనే వస్తారు. 1938లో పుట్టిన సూపర్‌మ్యాన్ కథకి కూడా ఇప్పుడు వినేవాళ్ళు అలాంటివాళ్ళే. తెలిసిందాన్ని దాటేస్తేనే చెప్పవలసిందానికి చోటు దొరుకుతుంది.

చోటు పొదుపు చేయడం ఒక్కటే అయితే అది గడుసుదనం అనిపించుకునేది. మారిసన్ పాత కథల్ని పారేయలేదు, పిండి రసం తీశారు. 1950ల, 60ల సూపర్‌మ్యాన్ కామిక్స్‌లో వింతలకు హద్దుండేది కాదు. ఎర్ర క్రిప్టోనైట్ తగిలి చీమ తలకాయ వచ్చేది, పెంపుడు కుక్క ఎగిరేది. 1986లో జాన్ బర్న్ అనే రచయిత కథని మొదటినుంచీ తిరగరాసి ఈ వింతలను చాలావరకు ఊడ్చేశారు. అదే ఏడు 'వాచ్‌మెన్', 'డార్క్ నైట్ రిటర్న్స్' వచ్చాయి. ఇక అక్కణ్ణుంచి సూపర్‌హీరో అంటే మొహం మాడ్చుకోవాలి, వానలో తడవాలి, పళ్ళు నూరాలి అన్నట్టు తయారైంది. మారిసన్ ఊడ్చిపారేసిన గదుల్లోకి మళ్ళీ వెళ్ళారు.

ఆ పాత కథల్లో సూపర్‌మ్యాన్ మంచుకోటకి ఒక తాళంచెవి ఉండేది. విమానాలకు దారి చూపే బాణం గుర్తంత పెద్దది, కొండ అంచున ఉండేది, మామూలు మనుషులు ఎత్తలేరు. ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. ఈ సిరీస్ రెండో సంచికలో ఆ తాళంచెవి మన ఇంటి తాళంచెవంత చిన్నదైపోయి, గుమ్మం ముందు పట్టా కింద ఉంటుంది. చచ్చిన నక్షత్రపు పదార్థంతో చేసింది కాబట్టి బరువు 5 లక్షల టన్నులు. దాన్ని ఎత్తగలిగినవాడు లోపలికి రావచ్చు, అంతే. దాచనక్కర్లేదు. పాత ఊహలోని చిన్నపిల్లల సరదా ఎక్కడికీ పోలేదు, దానికి కాస్త భౌతికశాస్త్రమూ, తాళంచెవిని పట్టా కింద పెట్టి బయటికెళ్ళే పల్లెటూరి కుర్రాడి అలవాటూ తోడయ్యాయి. ఇదంతా ఒకటి రెండు గళ్ళలో జరిగిపోతుంది. సూపర్‌మ్యాన్ ప్రేమించే లోయిస్ లేన్ దాన్ని ఎత్తబోయి కదల్చలేకపోతుంది, కథ ముందుకు వెళ్ళిపోతుంది. రచయిత ఆగి భుజం తట్టుకోరు.

ఇక అయిదో సంచిక. అభిమానుల్లో చాలామంది పదో సంచికకి ఓటేస్తారు, నా ఓటు దీనికే. మరణశిక్ష పడి జైల్లో ఉన్న లూథర్‌ని ఇంటర్వ్యూ చేయడానికి డైలీ ప్లానెట్ పత్రిక విలేఖరి క్లార్క్ కెంట్, అంటే మారువేషంలో ఉన్న సూపర్‌మ్యానే, వస్తాడు. లూథర్‌కి సూపర్‌మ్యాన్ అంటే ఎంత కసో క్లార్క్ అంటే అంత చనువు. పాపం, ఊబకాయం, కళ్ళద్దాలు, నడిస్తే తనకాళ్ళు తనకే అడ్డం. అలాంటి అమాయకుణ్ణి ఆ ఆకాశంలో తిరిగేవాడు చిన్నబుచ్చుతున్నాడని లూథర్ బాధపడిపోతాడు కూడా. ఇంతలో పారసైట్ అనే శక్తిపీల్చే రాక్షసుడు కట్లు తెంచుకుంటాడు, జైలంతా గందరగోళం. క్లార్క్ తూలిపడ్డప్పుడల్లా, ఎవరినో ఒకరిని ఢీకొన్నప్పుడల్లా లూథర్ మీదికి రావలసిన ముప్పు ఒకటి తప్పిపోతుంటుంది. లూథర్‌కి ఆ సంగతే తెలీదు. రాక్షసుణ్ణి తానే పడగొట్టాననుకుని రొమ్ము విరుచుకుంటాడు.

ఈ సంచికను రెండుసార్లు చదవాలి. మొదటిసారి లూథర్ మాటలు చదువుతాం, ఎందుకంటే మాటలన్నీ అతనివే. బుడగల నిండా స్వోత్కర్ష. రెండోసారి బుడగలు వదిలేసి బొమ్మల్లో క్లార్క్ కాళ్ళూ చేతులూ మాత్రమే చూసుకుంటూ పోతే అక్కడ ఇంకో కథ ఉంటుంది. మాటలు చెప్పేది ఒకటి, బొమ్మ చెప్పేది ఒకటి. ఈ రెండింటి మధ్య తేడాని పట్టుకునేది పాఠకుడు ఒక్కడే. నవలలో అయితే రచయిత చెప్పక తప్పదు, సినిమాలో అయితే కెమెరా ఎక్కడ చూడమంటే అక్కడ చూస్తాం. కామిక్స్‌లో వెనక్కి తిప్పి చూసుకునే వీలుంది, మారిసన్ ఆ వీలు మీదే సంచిక మొత్తం కట్టారు. ఆ గొడవలో లూథర్ కనుబొమ్మ ఒకటి చెరిగిపోతుంది, అది పెన్సిల్‌తో దిద్దుకున్నదని అప్పుడు తెలుస్తుంది. అంతటి మేధావి, అంత చిన్న దొంగతనం!

ఇది ఇంతగా పండడానికి సగం కారణం క్వైట్లీ. కళ్ళద్దాలు పెట్టుకున్నంత మాత్రాన సూపర్‌మ్యాన్‌ని ఎవరూ పోల్చుకోలేరా అని చిన్నప్పటినుంచీ అందరం వెక్కిరించినవాళ్ళమే. క్వైట్లీ ఆ వెక్కిరింపుకి జవాబు వెన్నెముకతో చెప్పారు. క్లార్క్‌గా ఉన్నప్పుడు భుజాలు ముందుకు వాలిపోతాయి, పొట్ట జారుతుంది, సైజు పెద్దదైన కోటు మడతలుపడి వేలాడుతుంది. అదే మనిషి నిటారుగా నిలబడితే రెండంగుళాలు పెరిగినట్టుంటాడు. గీత సన్నం, నీడలు తక్కువ, వెనకాల గజిబిజి ఉండదు. అందుకే ఒంటి భంగిమ ఒక్కటే కళ్ళకి కడుతుంది. మారిసన్ ఈ పాత్ర గురించి ఆలోచిస్తున్న రోజుల్లో శాన్ డియాగో కామిక్ కన్వెన్షన్ దగ్గర సూపర్‌మ్యాన్ వేషం వేసుకున్న ఒకాయనని చూశారట. గుండె ముందుకు తోసుకుని నిలబడకుండా మోకాలు పైకి పెట్టుకుని తీరిగ్గా కూర్చుని ఉన్నాడట. దేనికీ భయపడనక్కర్లేనివాడు కండలు బిగించుకుని ఎందుకు ఉంటాడు అన్న ఆలోచన అక్కడ పుట్టిందని మారిసనే చెప్పుకొచ్చారు. మొదటి సంచిక అట్ట మీద మబ్బుల్లో కూర్చుని భుజం మీదుగా మనవైపు చూసే సూపర్‌మ్యాన్ ఆయనే.

ఆరో సంచికలో కథ వెనక్కి, క్లార్క్ పెరిగిన స్మాల్‌విల్‌కి వెళుతుంది. కాలాన్ని తినే ఒక జంతువు కుర్ర క్లార్క్ జీవితంలోంచి మూడు నిమిషాలు కొరికేస్తుంది. సరిగ్గా ఆ మూడు నిమిషాల్లోనే అతన్ని పెంచిన తండ్రి జోనథన్ పొలం దగ్గర ప్రాణం విడుస్తాడు. అంత వేగం, అంత బలం ఉండీ కుర్రాడు అందుకోలేకపోతాడు. భవిష్యత్తు నుంచి వచ్చిన సూపర్‌మ్యాన్‌లలో ఒకడు ఒళ్ళంతా కట్లు చుట్టుకుని ఉంటాడు. వాడెవడో చివర్లో తెలుస్తుంది: చావు దగ్గర పడ్డ మన సూపర్‌మ్యానే, నాన్నను ఆఖరిసారి చూసుకోవడానికి వచ్చాడు. కాలాన్ని తినే జంతువు లాంటి పిచ్చి ఊహ లేకపోతే ఈ దుఃఖాన్ని ఈ రూపంలో చెప్పడం కుదరదు. ఆఖరి చూపుకి అందనివాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. సూపర్‌హీరో కామిక్స్ వాస్తవానికి దూరమనేవాళ్ళకి నేను చూపించేది ఈ సంచికే.

పదో సంచికలో అందరూ చెప్పుకునే పేజీ ఒకటుంది. ఎత్తయిన మేడ అంచున రీగన్ అనే అమ్మాయి నిలబడి ఉంటుంది. ఆ పిల్లని చూడవలసిన డాక్టరు దారిలో చిక్కుకుపోయాడన్న సంగతి అంతకుముందే ఎక్కడో మన చెవిన పడి ఉంటుంది. సూపర్‌మ్యాన్ వెనక వచ్చి నిలబడతాడు, భుజం మీద చెయ్యి వేస్తాడు, రెండు మూడు మాటలు చెప్తాడు, దగ్గరికి తీసుకుంటాడు. ఒక్క పేజీ. ఆ తర్వాత ఆ అమ్మాయి మళ్ళీ కనిపించదు. అదే సంచికలో సూపర్‌మ్యాన్ తాను లేని లోకం ఎలా ఉంటుందో చూడ్డానికి ఒక బుల్లి విశ్వాన్ని తయారుచేస్తాడు. అందులో యుగాలు గడుస్తాయి, చివరికి ఒక గదిలో కాగితం మీద సూపర్‌మ్యాన్ బొమ్మ రూపు దిద్దుకుంటుంది. అంటే అది మన లోకమే. సూపర్‌మ్యాన్‌ని సృష్టించిన క్లీవ్‌లాండ్ కుర్రాళ్ళు జెర్రీ సీగల్, జో షుస్టర్ ఆ బొమ్మ హక్కుల్ని 130 డాలర్లకి అమ్ముకున్న సంగతి తెలిసినవాళ్ళకి ఆ గడి కాస్త గుచ్చుకుంటుంది. మారిసన్ ఆ చేదుని ఎందుకు తాకకుండా వదిలేశారన్నది నాకున్న ఫిర్యాదుల్లో ఒకటి.

ఇంకోటి బిజారో లోకం. ఏడు, ఎనిమిది సంచికలు రెండూ దానికే పోయాయి. అక్కడివాళ్ళు అన్నీ తలకిందులుగా మాట్లాడతారు. నాలుగు పేజీల దాకా సరదా, ఆ పైన తలనొప్పి. లోయిస్‌కి కూడా మొదటి మూడు సంచికల్లో దక్కిన చోటు తర్వాత దక్కలేదు.

మారిసన్‌కి మన కథలతో నేరుగా సంబంధం ఉందని ఇక్కడి అభిమానుల్లోనే చాలామందికి తెలియదు. కురుక్షేత్రం 18 రోజుల యుద్ధాన్ని '18 డేస్' పేరుతో రాస్తే, స్క్రిప్టూ ముకేశ్ సింగ్ బొమ్మలూ కలిపి 2010లో పుస్తకంగా వచ్చాయి. అస్త్రాలూ రథాలూ కళ్ళు చెదిరేలా ఉంటాయి, కానీ ఆ మేడ అంచు పేజీలోని నిదానం అందులో నాకు దొరకలేదు. మనవాళ్ళు మాత్రం ఈ పాత్రని ఎప్పుడో సొంతం చేసుకున్నారు. 1980లో ఎన్టీఆర్ 'సూపర్‌మ్యాన్'గా వేసినప్పుడు శక్తులకి క్రిప్టాన్ దాకా వెళ్ళనక్కర్లేకపోయింది, ఆంజనేయుడి వరం సరిపోయింది.

'ఆల్ స్టార్'లో లూథర్ ముగింపు కూడా అలాంటి వరం మీదే ఆధారపడింది. 24 గంటలపాటు సూపర్‌మ్యాన్ శక్తులిచ్చే మందు ఒకటుంది. మూడో సంచికలో లోయిస్ పుట్టినరోజు కానుకగా అది తాగి అతనితో కలిసి చంద్రుడి దాకా ఎగిరింది. అదే మందు చివర్లో లూథర్ తాగుతాడు, సూపర్‌మ్యాన్‌ని పడగొట్టడానికి. సూపర్‌మ్యాన్ గురుత్వాకర్షణ తుపాకీతో అతని కాలాన్ని పరుగెత్తించి శక్తి త్వరగా అరిగిపోయేలా చేస్తాడు. ఆఖరి క్షణాల్లో లూథర్‌కి సూపర్‌మ్యాన్ కళ్ళతో లోకం కనిపిస్తుంది. అణువుకీ అణువుకీ, మనిషికీ మనిషికీ ఉన్న అల్లిక అంతా కనిపించి ఏడ్చేస్తాడు.

ఇక్కడే అభిమానులు రెండు వర్గాలు. సూపర్‌మ్యాన్ తర్వాత పని అందుకునే మంచి శాస్త్రవేత్త లియో క్వింటమ్ ఎవరో కాదు, మారిపోయి కాలంలో వెనక్కి వచ్చిన లూథరే అంటారు ఒక వర్గంవాళ్ళు. పేరులో మొదటి అక్షరం నుంచి వేసుకునే కోటు దాకా సాక్ష్యాలు చూపిస్తారు, కొన్ని గట్టివే. నేను ఒప్పుకోను. తర్వాత ఎలాగూ బాగుపడతాడని ముందే తెలిస్తే, ఇంత తెలివి పెట్టుకుని ఇన్నాళ్ళూ ఏం చేశావని సూపర్‌మ్యాన్ నిలదీసినప్పుడు లూథర్ దగ్గర జవాబు లేకపోవడానికి అంత బరువు ఉండదు. ఈ విషయం మీద మా మిత్రులతో వాదన ఇంకా తెగలేదు. మీరు పుస్తకం చదివి ఏదో ఒక పక్షం చేరండి. హైదరాబాద్ ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద ఆదివారం పాత పుస్తకాల్లో విడి సంచికలు దొరికినా వరసగా దొరకవు కాబట్టి, పన్నెండూ కలిపి వేసిన సంపుటమే కొనుక్కోవడం మేలు.