ముందు సాయంత్రం సంగతి తేల్చండి

కార్‌పూలింగ్ యాప్ చేస్తామని కాలేజీ పిల్లలు ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది ఒక్కటే: సాయంత్రం ఇంటికి ఎట్లా వస్తారు?

జగిత్యాల జిల్లా రాయికల్ నుంచి పొద్దున బయల్దేరడం పెద్ద కష్టం కాదు. బస్సు దొరక్కపోతే ఆటో, అదీ లేకపోతే జగిత్యాలకు పనిమీద పోయే తెలిసినవాళ్ల బండి. నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీలో చదివేవాళ్లు జగిత్యాలలో దిగి, కొండగట్టు దారిలో మళ్లీ ఎక్కాలి. పొలాస వ్యవసాయ కళాశాలకైనా, కోరుట్ల పశువైద్య కళాశాలకైనా దారి వేరు, ఇబ్బంది ఒకటే. ల్యాబ్ ఆలస్యమైన రోజు పొద్దున ఎక్కించుకున్న అబ్బాయి మూడింటికే వెళ్లిపోయి ఉంటాడు. చీకటి పడ్డాక ఆడపిల్ల ఒక్కతే స్టేజీ దగ్గర నిలబడాల్సి వస్తే, మర్నాటి నుంచి ఇంట్లోవాళ్లు ఆ ప్రయాణమే వద్దంటారు. అమెరికాలో చాలా కార్‌పూల్ పథకాలు ఇంటికి చేర్చే పూచీ కూడా తీసుకుంటాయి. అనుకోని పని పడి తోటివాళ్ల బండి అందకపోతే టాక్సీ ఖర్చు పథకమే భరిస్తుంది. మన దగ్గర ఆ డబ్బు పెట్టేవాళ్లు లేరు. కానీ చివరి బస్సు ఎన్నింటికో, ఆ వేళకు అదే దారిలో ఇంకెవరు వస్తున్నారో యాప్ చూపించగలదు. తిరుగు ప్రయాణం కుదరనిదే పొద్దుటి సీటు ఖరారు చేయకూడదని నా పట్టు.

ఇక బస్సు సంగతి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. దానితో ధరలో ఏ యాప్ పోటీ పడలేదు, పడాల్సిన పనీ లేదు. బస్సు లేని వేళకు, బస్సు దించిన చోటు నుంచి కాలేజీ గేటు దాకా అక్కరకొస్తే చాలు.

ఇక సీట్ల లెక్క. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ బస్సులో 100 మందికి పైగా ఎక్కారు. ఆ వైపే రోజూ పోయివచ్చే పిల్లలకు యాప్ చేస్తున్నాం. అందుకే ఎన్ని సీట్లు ఖాళీ అన్నది బండి నడిపేవాళ్ల ఇష్టానికి వదలొద్దు, ఆర్‌సీలో ఉన్న సంఖ్య దాటి ఒక్కరినీ చేర్చనివ్వొద్దు. బైకు అయితే వెనక ఒక్కరే, ఇద్దరికీ హెల్మెట్. ఫ్రెండ్సే కదా, సర్దుకుంటామనే మాటకు యాప్‌లో చోటు ఉండకూడదు.

డబ్బు విషయంలోనూ అంతే గట్టిగా ఉండాలి. తెల్ల బోర్డు బండి కిరాయికి తిప్పడం నేరం. కేంద్రం 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు, రాష్ట్రం వద్దంటే తప్ప, సొంత బండిలో తోటివాళ్లను ఎక్కించుకోవడాన్ని ఒప్పుకున్నాయి. అదీ, 2025లో కొత్త మార్గదర్శకాలు వచ్చేదాకా, ఊళ్లో రోజుకు 4 ట్రిప్పులు, ఊరి నుంచి ఊరికి వారానికి 2 మాత్రమే. రాయికల్ నుంచి జగిత్యాలకు రోజూ పోయేవాళ్లకు ఆ రెండు ఏ మూలకు? పిల్లల ప్రయాణాలకు అలాంటి హద్దు ఉండకూడదు. ఫ్రాన్స్‌లో 2006లో మొదలైన బ్లాబ్లాకార్ కూడా ధరకు పైహద్దు పెట్టి, ఖర్చు పంచుకోవడమే తప్ప లాభానికి తావివ్వలేదు. డబ్బు తీసుకుంటే నిబంధనలు వర్తిస్తాయని మన గల్ఫ్ కుటుంబాలకు తెలిసిన సంగతే. దుబాయ్‌లో నెలకింతని మాట్లాడుకుని పోయే కార్ లిఫ్ట్‌కు అనుమతి లేకపోతే జరిమానా పడుతుంది. అందుకే పెట్రోలు వాటా యాప్ లెక్కగట్టాలి, బేరం ఉండొద్దు.

ఆడపిల్ల ఇల్లు మ్యాపులో ఎవరికీ కనబడకూడదు. బస్టాండు, చౌరస్తా, కాలేజీ గేటు లాంటి నలుగురు తిరిగే చోట్లే ఎక్కే స్టేజీలు. ఫోన్ నంబర్లు దాచాలి, కాలేజీ ఐడీ లేనివాళ్లు లోపలికి రాకూడదు. ఆడపిల్లలతోనే పోతానంటే ఆ వీలూ ఉండాలి.

జిల్లా అంతటికీ ఒకేసారి చేయబోకండి. దారి పొడవునా నలుగురు కూడా కనబడని యాప్‌ను రెండోసారి ఎవరూ తెరవరు. ఒక్క కాలేజీ, రాయికల్–జగిత్యాల దారి ఒక్కటీ పట్టుకోండి. ప్రిన్సిపాళ్లకు నా విన్నపం: ల్యాబ్, పరీక్షల వేళలు వారం ముందే యాప్ చేసే పిల్లల చేతికివ్వండి, మారితే అదే రోజు చెప్పండి.