దీవెన ముగిశాక రెండు గంటలు

మా గుడిలో ఆదివారం ఆరాధన పన్నెండు దాటితేగాని ముగియదు. అయ్యగారు దీవెన పలకగానే ఆడవాళ్లు పొయ్యి మీద పని గుర్తొచ్చి గబగబా నడుస్తారు. మగవాళ్లు వేపచెట్టు కింద నిలబడి మిర్చి రేటు మాట్లాడుకుంటారు. నేను మాత్రం వెనకనున్న సండే స్కూలు గది తలుపు తీసి, ఫ్యాను వేసి, పొడవాటి బల్ల తుడుస్తాను. పిల్లలు ఒక్కొక్కరే వస్తారు. అందరి చేతిలోనూ ప్లాస్టిక్ ఫైలు. అందులో పదో తరగతి మెమో, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, స్టడీ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు. ముప్ఫై రెండేళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక నేను పట్టుకున్న పని ఇది. ఉద్యోగాలకు వాళ్లు పెట్టుకునే దరఖాస్తుల్ని పక్కన కూర్చుని చదువుతాను. నింపేది వాళ్లే.

చదవడంలో ఏముందని అడుగుతారు. మొదట పేరు ఉంది. మా దగ్గర బడిలో వేసిన పేరొకటి, బాప్తిస్మమప్పుడు పెట్టిన పేరొకటి. మెమోలో లేని మేరీ ఆధార్‌లో ముందుకొచ్చి కూర్చుంటుంది. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా ఉంటే ఇంకోచోట ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక కాగితంలో ఉన్న హెచ్ మరో కాగితంలో ఉండదు. తండ్రి పేరు సంగతీ అంతే. పరీక్షకు ముందు ఇవేవీ పెద్దగా కనిపించవు. ర్యాంకు వచ్చి, సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్లిన రోజున ఆ ఒక్క అక్షరమే అడ్డంగా నిలబడుతుంది. అందుకే మెమో పక్కన ఆధార్, ఆధార్ పక్కన ఫోను పెట్టించి, మూడింట్లోనూ పేరు అక్షరం అక్షరం పైకి చదివిస్తాను. ఒకటో తరగతిలో గుణింతం చదివించినట్టే.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. టీచర్ ఉద్యోగాల కోసం పెట్టిన 2018 డీఎస్సీకి మా అన్నయ్య కొడుకు ఒక నెట్ సెంటర్లో దరఖాస్తు చేయించుకుని, ప్రింటు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "ప్రార్థన చెయ్యత్తా" అన్నాడు. ఆ కాగితం మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, మనసారా ప్రార్థించాను. కాగితం మాత్రం చదవలేదు. స్థానిక జిల్లా గడిలో వాడు చదివిన జిల్లా బదులు అప్పుడు అద్దెకుంటున్న ఊరి జిల్లా పడింది. అప్పటి నియమం ప్రకారం నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అదే స్థానిక జిల్లా. పోస్టుల్లో 80 శాతం అప్పట్లో స్థానికులకే. వాడు మిగిలిన 20 శాతంలో పోటీ పడాల్సి వచ్చింది. అప్పటికి నేను సర్వీసులో ఉన్న టీచర్ని, ఆ నియమం తెలిసినదాన్ని. కళ్లు తెరిచి రెండు నిమిషాలు చూసి ఉంటే పట్టుకునేదాన్ని. వాడు ఇప్పటికీ ఒక్క మాట అనడు. అదే నాకు ఎక్కువ బాధ.

ఆ తర్వాత మళ్లీ పెద్ద డీఎస్సీ కోసం ఏడేళ్లు చూశాం. 2025 ఏప్రిల్ 20, ఈస్టర్. తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లాం. అమ్మ సమాధి మీద కొవ్వొత్తి వెలిగించి, మంచుకు తడిసిన పూలు సర్ది, పాటలు పాడుకుని తిరిగొచ్చాం. ఆ ఉదయమే పిల్లల ఫోన్లు మోగడం మొదలైంది. మెగా డీఎస్సీ నోటిఫికేషన్, 16,347 పోస్టులు. ఆరాధన జరుగుతుండగా వెనక వరసల్లో గుసగుసలు. అయ్యగారు కూడా ఏమీ అనలేదు, ఆయన కూతురిదీ బీఈడీయే. గడువు మే 15. మధ్యలో మాకు దొరికినవి మూడు ఆదివారాలు. గరిష్ఠ వయసు 44 ఏళ్లకు పెంచారు గనక మా పిల్లలతో పాటు వాళ్ల అక్కలూ పిన్నులూ ఫైళ్లు దులుపుకుని వచ్చారు. ప్రైవేటు బళ్లలో చాలీచాలని జీతానికి పదేళ్లుగా పాఠాలు చెబుతున్నవాళ్లు వాళ్లు.

అందులో ఒకమ్మాయి డీఈడీ చేసింది, లెక్కలతో బీఈడీ కూడా చేసింది. పోస్టుల ప్రాధాన్య క్రమంలో ఎస్జీటీ మొదట రాసింది, స్కూల్ అసిస్టెంటు తర్వాత. "ఎస్జీటీ పోస్టులు ఎక్కువ గదా టీచర్‌గారూ, తొందరగా వస్తుందని" అంది. వరస మార్చినంత మాత్రాన మార్కులు మారవమ్మా అన్నాను. రెండింట్లోనూ ఉద్యోగం వచ్చే ర్యాంకే వస్తే, నువ్వు ముందు రాసుకున్నదే నీకిస్తారు, రెండోది ఇంకొకరికి పోతుంది; కాబట్టి ఏది వస్తుందో కాదు, ఏది కావాలో ముందు రాయి. ఆ అమ్మాయి ఫోను బోర్లా పెట్టి చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చుంది. నీకేం కావాలని ఆమెను అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు. తర్వాత వరస మార్చింది.

మా ఆరాధన క్రమంలో ప్రతి ఆదివారం దేశం కోసం, అధికారంలో ఉన్నవారి కోసం ఒక ప్రార్థన ఉంటుంది. తిమోతికి రాసిన మొదటి పత్రికలో పౌలు అలా చెయ్యమన్నాడు. చిన్నప్పుడు అది నాకు అలవాటుగా వల్లించే భాగం. ఇప్పుడు పరీక్షల గురించి తలచుకోకుండా ఆ మాటలు పలకలేను. తెలంగాణలో గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022లో ఒకసారి, 2023లో మరోసారి రాయించి, రెండూ రద్దు చేశారు. 2024 జూన్ 18న యూజీసీ నెట్ రాసిన పిల్లలు మర్నాడే అది రద్దయిందని విన్నారు. అదే నెల 21 నుంచి పరీక్షల్లో అక్రమాలపై కేంద్ర చట్టం అమల్లోకొచ్చింది. ముఠాగా చేరి ప్రశ్నపత్రాలు లీక్ చేస్తే ఐదు నుంచి పదేళ్ల జైలు, కోటి రూపాయలకు తగ్గని జరిమానా. మంచిదే. కానీ రద్దయిన పరీక్షకు రాత్రి బస్సెక్కి వెళ్లొచ్చిన పిల్లకు పోయిన ఏడాదిని ఏ సెక్షనూ తిరిగివ్వదు. రద్దు చేసిన ప్రతిసారీ ఛార్జీలు తిరిగిచ్చి, వయోపరిమితి ఆ మేరకు పెంచితేనే అది న్యాయమని నా అభిప్రాయం.

ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ గురించీ అడుగుతుంటారు. మొదలుపెట్టినప్పుడు అది 21 నుంచి 24 ఏళ్లవారికి, ఏడాది పాటు, నెలకు 5,000 రూపాయలు. ఇంట్లోంచి వెళ్లొచ్చే దూరమైతే పెట్టుకోమంటాను. హాస్టల్ కట్టి ఉండాల్సిన ఊరైతే ఆ డబ్బు తిండికే చాలదు. ఐటీఐ పిల్లలకు మాత్రం అప్రెంటిస్‌షిప్ వదలొద్దని గట్టిగా చెబుతాను.

ఇక కులం గడి. అక్కడికొచ్చేసరికి మా పిల్లలు నా కళ్లలోకి చూడరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలు మా రాష్ట్రంలో బీసీ-సీ, రిజర్వేషన్ ఒక్క శాతం. మతం మారిన ఎస్సీలకూ ఆ హోదా ఇవ్వాలా అన్నది పరిశీలించడానికి 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. గుంటూరు వైపు మా ఇళ్లలోకి విశ్వాసం పలకా బలపంతో కలిసి వచ్చింది. 1842లో మిషనరీ హేయర్ దొర వచ్చింది మొదలు గుడి ఉన్నచోటల్లా బడి పెట్టారు. ఆ బడిలో చదువుకున్నవాళ్ల మనవళ్లు ఇవాళ దేవుడా ఉద్యోగమా అన్నట్టున్న గడి ముందు తలొంచుకుంటున్నారు. వాడ మారలేదు, వాడను చూసే చూపూ మారలేదు. అంటరానితనం మతం అడిగి రాదు. ఏం రాయాలో నేను చెప్పను. నియమం ఉన్నదున్నట్టు చెప్పి, అమ్మానాన్నలతో మాట్లాడి రమ్మంటాను. కానీ విశ్వాసాన్ని దాచుకుంటేగాని బిడ్డకు అవకాశం రాని ఆ నియమం మారాలని ప్రార్థిస్తాను, ఇక్కడ రాస్తాను కూడా.

లూకా సువార్తలో యేసు పుట్టుక కథ జనాభా లెక్కలతోనే మొదలవుతుంది. నిండు గర్భిణిని వెంటబెట్టుకుని యోసేపు పేరు రాయించుకోవడానికి సొంతూరికి బయల్దేరాడు. మన దేశంలో రాబోయే జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ, ఈసారి కులాన్నీ లెక్కిస్తామన్నారు. క్రిస్మస్‌కు ఆ అధ్యాయం చదివినప్పుడల్లా, ఆ రోజు బేత్లెహేములో వాళ్ల పేర్లు ఎవరు రాశారో, తప్పు లేకుండా రాశారో లేదో అనిపిస్తుంది నాకు.

మే 11, గడువుకు ముందు ఆఖరి ఆదివారం. వరస మార్చుకున్న అమ్మాయి దరఖాస్తు చివరి పేజీకి వచ్చింది. కరెంటు పోయి గదిలో ఉక్కగా ఉంది. బల్ల మీద మెమో, ఆధార్, చెమట అంటిన ఫోను. వేలు బటన్ మీదికి తెచ్చి ఆగింది.

"ప్రార్థన చేద్దామా టీచర్‌గారూ?"

"చేద్దాం తల్లీ. ముందు మీ నాన్న పేరు ఇంకోసారి చదువు."

చదివింది. అక్షరం అక్షరం.