తిన్నని పూజయు చెంచుల మర్యాదయు

ధూర్జటి రచించిన శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమునందలి తిన్నని కథను బోధించునపుడు పండితులు సాధారణముగా నొక తీర్పుతో ముగింతురు: తిన్నఁడు విధి యెఱుఁగని యడవివాఁడు, అయినను భక్తిచేఁ దరించెను అని. ఇందు భక్తిని గూర్చిన మాట నిర్వివాదము. విధి యెఱుఁగఁడను మాట మాత్రము కావ్యమును జాగ్రత్తగాఁ జదివినచో నిలువదని నా యభిప్రాయము.

కథాక్రమమును స్మరింతము. అడవిలో నొంటిగా నున్న లింగమును జూచినంతనే తిన్నఁడు వరము వేఁడఁడు. తమ పల్లెకు రమ్మని స్వామిని బిలుచును. స్వామి కదలకుండుటచేఁ దానే యచట నిలిచిపోవును. పిమ్మట వేఁటాడి తెచ్చిన మాంసమును గాల్చి, రుచి చూచి, మేలైనదానిని నివేదించును. పుక్కిట నీరు దెచ్చి యభిషేకించును. ఆగమవిధి నెఱిఁగిన యర్చకునకుఁ బ్రతిదినము నిది ఘోరాపచారముగాఁ దోఁచును. ఇంతకుముందే బోయలు వేఁటకై తమ దైవమునకు జాతర చేయుటయు నీ కావ్యమునందే కలదు. కావునఁ దిన్నఁడు పుట్టి పెరిగిన పల్లెకుఁ బూజావిధానము లేకపోలేదు. అతఁడు లింగమునకుఁ జేసిన యుపచారము లా పల్లెమర్యాదను దలఁపించుచున్నవి.

ఈ మర్యాద యెట్టిదో తెలియుటకు మనకు దూరము పోవలసిన పనిలేదు. పొదిలినుండి మార్కాపురము, దోర్నాల మీఁదుగా శ్రీశైలమునకుఁ బోవు త్రోవ నల్లమలలోఁ బ్రవేశించును. ఆ యడవి చెంచులకుఁ దరతరముల నివాసము. కృష్ణకు ఉత్తరమున, నాఁటి హైదరాబాదు సంస్థానములోని అమ్రాబాదు పీఠభూమి చెంచులను గూర్చి హైమెన్‌డార్ఫు పండితుఁడు 1943లోఁ బ్రకటించిన గ్రంథమున వారి దైవారాధనము విపులముగాఁ జెప్పఁబడినది. అడవికిని వేఁటకును అధిదేవత గారెల మైసమ్మ. వేఁట దొరకినపుడు మాంసములోఁ గొంత ముందుగా నామె కర్పించి, మరల నిట్లే దయచూడుమని వేఁడుకొనుట వారి యాచారము. మంత్రము లేదు, అయినను క్రమము కలదు. అడవి యిచ్చినది ముందుగా నడవితల్లికి, తరువాతనే మనుష్యులకు. ఇది విధి కాక మఱేమి?

రెండవ యంశము చుట్టఱికము. అహోబిల నృసింహస్వామి చెంచులక్ష్మిని వరించెనని కదా ప్రసిద్ధి. సంక్రాంతి పండుగలతో నారంభమగు పారువేఁట యుత్సవమున స్వామి పల్లకిలోఁ బల్లెపల్లెకు వెడలి, తన కల్యాణమునకుఁ దానే పిలుపు లిచ్చునని జనుల విశ్వాసము. చెంచులు స్వామిని బంధువుగా భావింతురు. శ్రీశైల మల్లికార్జునుఁడు వారికిఁ జెంచు మల్లయ్య. ఈ దృష్టితోఁ జూచినచోఁ దిన్నఁడు స్వామిని దన పల్లెకుఁ బిలుచుటలో నమాయకత్వమునకు మించిన యర్థము గోచరించును. చుట్టమును విందునకుఁ బిలుచు మర్యాద యది. రుచి చూచి మేలైనది పెట్టుటయు నట్టిదే.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. తిన్నని కథ 12వ శతాబ్దినాఁటి తమిళ పెరియపురాణమునందే కలదు; కాళహస్తి నల్లమల కాదు; 16వ శతాబ్ది కావ్యమునకు 20వ శతాబ్ది చెంచుల యాచారము సాక్ష్యమెట్లగును? నిజమే. కథకు మూలము చెంచుల యాచారమని నేను వాదించుట లేదు. అర్చకుని విధి మాత్రమే విధియను మన పూర్వనిశ్చయమును సడలించుటకు మాత్ర మీ పోలిక చాలును. కావ్యమున స్వామి యర్చకుని దాఁగియుండి చూడుమనును గాని, తిన్నని శిక్షింపుమనఁడు. చూడుమనుటలోనే కవి హృదయము కలదు. అర్చకుఁడు చూచెను, వ్యాఖ్యాతలమైన మనమే యింకను జూడలేదు.

ఈ విచారము కేవలము పాండిత్యవినోదము కాదు. 1976లో శ్రీశైలము కేంద్రముగాఁ జెంచుల యభివృద్ధికై ప్రభుత్వసంస్థ యేర్పడినది. నేఁడు దోర్నాల, యెఱ్ఱగొండపాలెము ప్రాంతముల బడులలోఁ జెంచుబిడ్డలును దెలుఁగు చదువుచున్నారు. విధి యెఱుఁగని యడవివాఁడని యుపాధ్యాయుఁడు పలుకునపుడు, తన తాత మైసమ్మకు మ్రొక్కుటను జూచిన బాలుఁడు ముందు వరుసలోనే కూర్చుండి వినుచుండవచ్చును. తమ యింటి పూజ యజ్ఞానమని వాఁడు నేర్చుకొనినచో నది ధూర్జటి నేర్పిన పాఠము కాదు, మనము నేర్పినది. కావునఁ దిన్నఁడు వేఱొక విధి నెఱిఁగినవాఁడని చెప్పుట కావ్యమునకును న్యాయము, బాలునకును న్యాయము. విజ్ఞులు విచారింతురు గాక.